డ్రెస్సు చూసుకో అన్నా

విమానం టికెట్లు వచ్చిన రోజు నుంచి కాక ఇంట్లో బట్టల లొల్లి మొదలైంది.

మా దిక్కు కాక అనగానే పెద్దపల్లి ఎంపీగా చేసిన జి.వెంకటస్వామి గుర్తుకొస్తారు. ఈయన ఆ కాక కాదు. గోదావరిఖని బాయిల్లో తట్టా చెమ్మస్ పట్టిన కాక. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాడు. వచ్చిన పైసలతో జ్యోతినగర్‌లో, ఎన్టీపీసీ టౌన్‌షిప్ ప్రహరీకి ఇవతల, మా ఇంటి పక్కన రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. బొగ్గు రైలు చప్పుడు వినపడితే చాలు, "మనం తీసిన సరుకే" అంటాడు. సింగరేణి బొగ్గుతోనే ఇక్కడి కరెంటు ప్లాంటు పొయ్యిలు మండుతాయి కాబట్టి ఆ మాటలో అబద్ధం లేదు. 2600 మెగావాట్లలో నీ తట్టల వాటా ఎంత అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు.

కాక కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. బిడ్డ ఢిల్లీలో ఒక విమాన సంస్థలో ఉద్యోగం. ఆమెకు మొన్న కాన్పయింది, ఆడపిల్ల. చిన్నమ్మ నెల ముందే రామగుండంలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోయింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల. దానికి కాకను తోలుకుని కొడుకు వెళ్లాలి. రైల్లో పోతానని కాక అన్నాడు గానీ, బిడ్డ వినలేదు. తన కంపెనీలో ఇంటివాళ్లకు ఇచ్చే టికెట్లు ఉన్నాయంది. పెద్దగా పైసలు పడలేదు, ఏవో ట్యాక్సులు కడితే సరిపోయిందట. టికెట్లు పంపి, అన్నకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట రెండుసార్లు చెప్పింది.

"డ్రెస్సు మాత్రం చూసుకో అన్నా. గేటు కాడ మావోళ్లు చూస్తరు. మెయిల్‌ల అన్నీ రాసిన, చదువుకో."

అన్న ఫోన్ పెట్టేసి మెయిల్ వైపు చూడలేదు. బాపు వైపు చూశాడు.

బాపు ఒంటి మీద తెల్ల ధోతి, చేతుల అంగి, భుజాన తువ్వాల ఉన్నాయి. డ్యూటీకి పోయిన రోజుల్లో తప్ప కాకను ఇంకో బట్టలో నేను చూడలేదు.

"బాపూ, గీ ధోతి నడవది. ప్యాంటు వెయ్యాలె."

"ఎందుకురా? మన మంథని ఎమ్మెల్యే పీవీ ధోతి కట్టుకునే ఢిల్లీల ప్రధానమంత్రి చెయ్యలేదా?"

"ఆయన ప్రధానమంత్రి. నువ్వు కోల్ ఫిల్లర్‌వి."

ఈ మాట నేను గోడ ఇవతల నుంచి విన్నాను. కాక ఏమీ అనలేదు. కొడుకే మళ్లీ అందుకుని, ఫోన్‌లో వార్తలు తీసి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. 2015 అక్టోబరులో ముంబయిలో ఇండిగో వాళ్లు ఒకామెను గౌను పొట్టిగా ఉందని విమానం ఎక్కనివ్వలేదు. 2017 మార్చిలో అమెరికాలోని డెన్వర్‌లో యునైటెడ్ సంస్థ లెగ్గింగ్స్ వేసుకొచ్చిన ఇద్దరు అమ్మాయిలను ఆపేసింది, దాని మీద ప్రపంచమంతా గోల అయింది. "సూషినవా? గంత పెద్ద దేశంలనే ఆపిండ్రు. నిన్ను ఆపరా?" అన్నాడు. వార్తల పైపైన ఉన్న పెద్దక్షరాలే చదివాడు, కిందికి పోలేదు. కిందికి పోయి ఉంటే ఈ కథ నేను రాసేవాణ్ని కాదు.

ధోతి కట్టుకున్నాడని మనిషిని గుమ్మంలో నిలబెట్టిన చోట్లు మన దేశంలో లేకపోలేదు. అవి విమానాలు కావు, క్లబ్బులు. 2014 జులైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు వాళ్లు వేష్టితో వచ్చిన మద్రాసు హైకోర్టు జడ్జినే లోపలికి రానివ్వలేదు. మరుసటి నెలలోనే తమిళనాడు అసెంబ్లీ చట్టం చేయాల్సి వచ్చింది. విమానం టికెట్టు పైసలిచ్చి కొన్నవాడు ధోతి కట్టుకోకూడదన్న నియమం మన పౌర విమానయాన శాఖ ఎప్పుడూ పెట్టలేదు. కానీ మనకు నియమాలతో పనేముంది? నలుగురి చూపే మన నియమం.

ఆదివారం సాయంత్రం లక్ష్మీనగర్‌కు పోయి ప్యాంటు, బెల్టు, బూట్లు కొన్నారు. నన్నూ వెంట తీసుకుపోయారు, కాక మొండికేస్తే సర్దిచెప్పడానికి. బూట్ల దగ్గర ఏ గొడవా రాలేదు. "బూటు లేకుంటే బాయిల దిగనియ్యకపోదురు" అని కాక తానే ఏరుకున్నాడు. ప్యాంటు దగ్గరే తేడా వచ్చింది. బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "నైలాన్ కలిసింది గదా. దీనికి అగ్గి తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటది" అన్నాడు. కొడుకు నా వైపు చూసి కళ్లెగరేశాడు. కానీ విమాన భద్రత చూసే నిపుణులు చెప్పేది కూడా సరిగ్గా అదే. నూలు బట్ట, కాళ్లు నిండా కప్పేది వేసుకోవాలి, కాళ్లకు కట్టు ఉన్న బూట్లు ఉండాలి. ప్రమాదం జరిగితే సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో విమానం ఖాళీ కాగలగాలన్నది తయారీ నియమం. ఆ 90 సెకన్లలో జారుడుబల్ల మీద నుంచి జారేటప్పుడు రాపిడికి సింథటిక్ బట్ట ఒంటిని కాలుస్తుంది, ఎత్తు మడమల చెప్పులు ఆ గాలి బల్లనే చింపుతాయి. విమానంలో ఏం వేసుకోవాలి అనే ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఇదొక్కటే. దాన్ని అడిగేవాడూ లేడు, ఆ రోజు దుకాణంలో చెప్పిన కాక మాట వినేవాడూ లేడు.

కొడుకు ఒంటి మీద ఏముందో కూడా చెప్పాలి. మోకాళ్ల దగ్గర అడ్డంగా చీలికలున్న జీన్స్. ఆరు వేలట. కాక చాలాసేపు ఆ మోకాళ్ల వైపే చూసి, చివరికి అడిగాడు.

"కొడుకా, బాయిల మోకాళ్ల మీద పాకితే లాగులు గిట్ల చినుగుతుండె. నువ్వు ఏసీల కూసునేటోనివి. నీకెట్ల చినిగింది?"

"ఇది ఫ్యాషన్ బాపూ. నీకు తెల్వది."

కాకకు తెలియదు, నిజమే. చిరిగిన లాగును చిన్నమ్మ కుట్టి ఇస్తే మళ్లీ షిఫ్టుకు పోయిన మనిషి.

బయల్దేరే రోజు తెల్లారుజామునే కారు రాజీవ్ రహదారి ఎక్కింది. శంషాబాద్ దాకా ఐదు గంటల దారి. బసంత్‌నగర్ దాటుతుండగా కాక అద్దం దించి చూశాడట. కేశోరాం సిమెంట్ కోసం అక్కడ వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1980లలో వాయుదూత్ వాళ్ల చిన్న విమానం అక్కడ దిగేది. "ఎక్కేటోళ్లంత సూటు బూటోళ్లే ఉంటుండె. మేం సైకిళ్లు ఆపి చూద్దుము" అని కాక ఇప్పటికీ చెప్తాడు. వాయుదూత్ పోయింది, స్ట్రిప్ మీద గడ్డి మొలిచింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రామగుండానికి మళ్లీ విమానం వస్తుందంటారు. హవాయి చెప్పులు వేసుకునేవాడు కూడా విమానం ఎక్కాలన్నది తన కల అని ప్రధానమంత్రి 2017 ఏప్రిల్‌లో సిమ్లాలో ఉడాన్ పథకం మొదటి విమానాన్ని సాగనంపుతూ చెప్పారు. మా ఊరి హవాయి చెప్పులకు మాత్రం ఇంకా ఐదు గంటల దారి తప్పలేదు.

విమానాశ్రయం ముందు కాకకు తెలిసిన మొఖాలే ఎక్కువ కనిపించాయి. జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయి, మస్కట్ పోయే పిల్లలు. కొత్త చొక్కాలు, మడత నలగని ప్యాంట్లు, పాలిష్ పెట్టిన బూట్లు. ఒక్కొక్కడిని సాగనంపడానికి పది మంది. ఎయిర్‌పోర్టులో పెళ్లికి తయారైనట్టు తయారై వచ్చేది వాళ్లే. లోపల ఢిల్లీ, బెంగళూరు పోయేవాళ్లు నిక్కర్లలో, రాత్రి పడుకున్న ప్యాంట్లలో, మెడకో దిండు తగిలించుకుని తిరుగుతుంటారు. "గీళ్లను గేటు కాడ ఆపరా?" అని కాక అడిగితే కొడుకు విననట్టే నడిచాడట.

భద్రతా తనిఖీ దగ్గర కాక ఎవరూ చెప్పకముందే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. సీఐఎస్‌ఎఫ్ జవాను నవ్వాడట. కాకకు ఇది కొత్తా? జ్యోతినగర్ ప్లాంటు గేటు కాడ రోజూ కనిపించే యూనిఫారమే. పైగా బాయిలో దిగే ముందు ప్రతి షిఫ్టుకూ జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని చూసేవారు. లోపల గ్యాసుంటే ఒక్క పుల్ల చాలు, ఎంతమంది పోతారో లెక్కుండదు. అందుకే ఒళ్లు తడిమించుకోవడం కాకకు అవమానం కాదు. వెనక కొడుకే ల్యాప్‌టాప్ తీయమన్నారని, వాచీ విప్పమన్నారని విసుక్కుంటున్నాడు.

చిక్కు బెల్టు దగ్గర వచ్చింది. బెల్టు విప్పి ట్రేలో వెయ్యమన్నారు. ఆ ప్యాంటు నిలిచిందే బెల్టు మీద. కాక ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో తన గుడ్డసంచి పట్టుకుని అవతలికి నడిచి, నేరుగా బాత్‌రూంలోకి పోయాడు. వచ్చేటప్పటికి ఒంటి మీద తెల్ల ధోతి ఉంది. ప్యాంటు మడతపెట్టి సంచిలో ఉంది. బూట్లు మాత్రం విప్పలేదు.

అంతవరకు కాఫీ తాగుతున్న కొడుకు కప్పు పక్కన పెట్టేశాడు.

"ఏం జేసినవ్ బాపూ? గింత చెప్పినంక గూడ? ఇప్పుడు గేటు కాడ ఆపితే ఏం జేస్తవ్?"

"ఆపితే రైలెక్కి పోత తీ. గది ఊడి పడితే ఏం జేద్దునురా?"

పెద్ద సూట్‌కేసులు అప్పటికే చెక్‌ఇన్‌లో పోయాయి. ఇద్దరూ మాట్లాడుకోకుండా గేటు దాకా నడిచారు. వరుసలో కొడుకు రెండడుగులు ముందు నిలబడ్డాడట, వెనకాయన తనవాడు కాదన్నట్టు. ఇది నేను కల్పించింది కాదు, కాక చెప్పిందే. ఆయన ఆ మాట కోపంగా చెప్పలేదు, "లైన్ల నా ముంగట ఉండె" అన్నాడంతే.

గేటు దగ్గర ఉన్నది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి. టికెట్లు చూసింది. కంప్యూటర్‌లో చూసింది. తలెత్తి ఇద్దరినీ పైనుంచి కిందికి చూసి, "సర్, ఇవి స్టాఫ్ టికెట్లు కదా? ఒక్క నిమిషం పక్కకు రండి. డ్రెస్ ప్రాబ్లం ఉంది" అంది.

కొడుకు దీని కోసమే వారం నుంచి భయపడుతున్నాడు. వెంటనే గొంతు తగ్గించి ఇంగ్లిషు, తెలుగు కలిపి మొదలుపెట్టాడు.

"సారీ మేడమ్. ఐ నో. పెద్దాయన, ఊరి నుంచి వచ్చారు, ఫస్ట్ టైమ్ ఫ్లైట్. ప్యాంటు కొనిచ్చాను, చెప్తే వినలేదు. చదువుకోలేదు మేడమ్, మైన్స్‌లో లేబర్. ఈ ఒక్కసారికి అడ్జస్ట్ చేయండి ప్లీజ్. లేదంటే రెండు నిమిషాల్లో ప్యాంటు మార్పించి తీసుకొస్తాను."

ఆ అమ్మాయి అర్థం కానట్టు కాక వైపు చూసింది, మళ్లీ కొడుకు వైపు చూసింది.

"అంకుల్ డ్రెస్ బాగుంది సర్. ధోతీకి ఏ ఇబ్బందీ లేదు. చిరిగిన జీన్స్ స్టాఫ్ ట్రావెల్‌లో అలౌడ్ కాదు. ప్రాబ్లం మీదే."

కొడుకు మొదట నవ్వాడు. తర్వాత ఇది బ్రాండెడ్ అన్నాడు. ఆరు వేలన్నాడు. నిక్కరు వేసుకుని అప్పుడే గేటు దాటిపోతున్న ఇంకో ప్రయాణికుణ్ని చూపించి, వాణ్నెట్లా పంపారన్నాడు. "ఆయన టికెట్ కొనుక్కున్నారు సర్" అని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. రూల్స్ అన్నీ టికెట్లతో పాటు మెయిల్‌లో పంపిస్తామని కూడా అంది.

ఇదీ అసలు సంగతి. ముంబయిలో ఆగిపోయినామె ఉద్యోగుల ఇంటివాళ్ల టికెట్టు మీద వచ్చింది. డెన్వర్‌లో ఆగిన అమ్మాయిలూ సిబ్బంది పాసు మీద వచ్చినవాళ్లే. కొడుకు చదివి వినిపించిన వార్తల్లో కింద ఈ ముక్క ఉంది. పైసలు పెట్టి కొన్నవాడు నిక్కరు వేసుకొచ్చినా విమాన సంస్థలు సాధారణంగా ఏమీ అనవు. ఒళ్లు మరీ కనపడే బట్టలు వేసుకుంటే ఎక్కనివ్వబోమని అమెరికాలో స్పిరిట్ ఎయిర్‌లైన్స్ 2025 జనవరిలో రాసి పెట్టింది, అలాంటివి ఇంకొన్ని ఉన్నాయి, అంతే. కట్టుబాట్లన్నీ ఉచితంగా ఎక్కేవాడికే. సంస్థ పేరు మోస్తూ ఎక్కుతున్నాడు కాబట్టి సంస్థ పరువు మోయాలంటారు. నాకైతే ఇది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. అత్తవారిచ్చిన బట్టలే కట్టుకోవాలని అల్లుడికి చెప్పినట్టుంటుంది. కానీ రాసి ఇచ్చారు, చదువుకోవాల్సింది చదువొచ్చినవాడు.

"పది నిమిషాల్లో మార్చుకుని వస్తే పంపిస్తాను సర్" అంది ఆ అమ్మాయి.

కాక సంచిలోంచి కొత్త ప్యాంటు తీసి ఇచ్చాడు. ఇద్దరూ బాత్‌రూంకు పరుగెత్తారు. కాక నడుముకు జారిపోయిన ఆ ప్యాంటు కొడుకు తొడల దగ్గరే ఆగిపోయింది. ఊపిరి బిగపట్టినా గుండీ కాజాను అందుకోలేదు. బయట పేర్లు పిలుస్తున్నారు. కాక సంచిలో అడుగున ఇంకొకటి ఉంది. తొట్టెల నాడు అల్లునికి పెట్టడానికి తెచ్చిన కొత్త ధోతుల జత, కండువా. కవరు చించి ఒకటి తీశాడు.

"చేతులు పైకెత్తు" అన్నాడు.

కొడుకు ఎత్తాడు. కాక కుచ్చిళ్లు పెట్టి, గట్టిగా బిగించి, కండువా భుజాన వేశాడు. కట్టడం అయ్యేదాకా ఒక్క మాటా అనలేదు. అయ్యాక మాత్రం అన్నాడు.

"దీనికి సైజులుండయ్ కొడుకా."

గేటు దగ్గర అమ్మాయి ఈసారి చిరునవ్వుతో పంపించింది. కొడుకుకు కిటికీ సీటు, కాకకు మధ్య సీటు. కిటికీ ఎవరికి కావాలని అడిగిన మాట లేదు. మొదటిసారి విమానం ఎక్కిన మనిషి కొడుకు తల పక్క నుంచి వంగి మబ్బులు చూశాడు.

ఆ సాయంత్రం జ్యోతినగర్‌లో నా ఫోన్‌లో కొడుకు పెట్టిన ఫొటో వచ్చింది. కిటికీ పక్కన తెల్ల ధోతి, కండువా, వెనక మబ్బులు. కింద రాశాడు: "ఆకాశంలో కూడా మన కట్టే మన గర్వం. మూలాలు మరవొద్దు." మా కాలనీ గ్రూపులో చప్పట్లే చప్పట్లు. తండ్రి పెంపకం అంటే ఇదీ అని కూడా ఒకాయన రాశాడు.

ఫొటోలో కాక లేడు. ఊరికి వచ్చాక అడిగితే చెప్పాడు. మొదట కొడుకు సెల్ఫీ తీసుకుంటే పక్కన ఈయన కూడా పడ్డాడట. అందుకని ఫోను ఈయన చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించి తీయించుకున్నాడు.